బలహీనతా పరిరక్షణాధికారి

ప్రజలు ఎప్పుడూ పొరబడుతూనే ఉంటారని మా సంస్థ తీర్మానించిన రోజున ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పదిమందీ ఒకే మాట అంటే ఆ మాట తప్పయి తీరుతుందని అదే తీర్మానంలో ఉంది కదా, మరి ఈ ఏకగ్రీవం సంగతేమిటని నాకు అనుమానం రాకపోలేదు. కానీ అప్పటికే నోటినిండా మైసూరుపాకు ఉంది.

మాది మాజీ క్రీడాకారుల సంక్షేమ సంస్థ. వయసులో ఉండగా రాష్ట్రం తరఫున ఆడి, కప్పులు తెచ్చి, మోకాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు నెలనెలా పించను పంపడం మా పని. సంస్థ పుట్టినప్పుడు క్రీడల మంత్రిగారి సొంతూరు పెద్దవంక కావడంవల్ల ఆఫీసు కూడా పెద్దవంకలోనే వెలిసింది. నిధి బ్యాంకులో ఉండేది. దాని వడ్డీ పించన్లకు సరిపోయేది. బాగుచెయ్యడానికి అందులో ఏమీ లేదు. అలాంటి చోటికి పరాంకుశరావుగారు మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చారు.

ఆయన అంతకుముందు గొర్రెల అభివృద్ధి శాఖలో ఉండేవారు. ఆయన హయాంలో గొర్రెలు తగ్గాయి, శాఖ అభివృద్ధి చెందింది. మా దగ్గర చేరిన కొత్తలోనే నిధుల నిర్వహణ మీద శిక్షణకని ప్రభుత్వం ఆయన్ని విదేశానికి పంపింది. శిక్షణ ఎక్కడ జరిగిందో తెలియదు గాని, ఆయన బస చేసిన హోటలుకు ఎదురుగా ఫుట్‌బాల్ స్టేడియం ఉందట. తిరిగి వచ్చేటప్పుడు అందరూ సబ్బులూ చాక్లెట్లూ తెచ్చుకుంటారు. ఆయన ఒక సిద్ధాంతం తెచ్చుకున్నారు.

"జనసామాన్యం హృదయంతో పందెం కాయును," అని మొదటి సమావేశంలోనే ప్రకటించారు. "పేరున్న జట్టు మీద, నిన్న గెలిచిన జట్టు మీద, టీవీలో కనబడే జట్టు మీద ఎగబడును. తత్ఫలితంగా ఆ జట్టు గెలిచినా చేతికి వచ్చేది గోరంత. ఎవరూ లెక్కచెయ్యని జట్టు గెలిచినచో వచ్చేది కొండంత. కావున విజ్ఞుడైనవాడు సదా బలహీనుడి పక్షాన, ప్రజాభిప్రాయానికి ప్రతిపక్షాన నిలవవలెను."

"బలహీనుడు ఓడిపోతే సార్?" అని అడిగాడు అకౌంట్స్ ఆఫీసరు.

"మరల నిలవవలెను."

"మళ్ళీ ఓడిపోతే?"

ఆ వారంలోనే అకౌంట్స్ ఆఫీసరును స్టోర్సుకు మార్చారు. చిరిగిన వాలీబాల్ నెట్లకు ఆయన్ని బాధ్యుణ్ణి చేశారు.

కాలం కూడా పరాంకుశరావుగారికి కలిసొచ్చింది. ఆ ఏడే రాష్ట్రంలో జీతాలిచ్చి ఆడించే ఫుట్‌బాల్ లీగు మొదలైంది. ప్రతి మైదానం గేటు దగ్గరా లైసెన్సు పుచ్చుకున్న కాంట్రాక్టరు పందెం కౌంటరు తెరిచాడు. మాది ప్రభుత్వ సంస్థ కాబట్టి 'పందెం' అన్న మాట వాడరాదని సర్క్యులరు వచ్చింది. 'జోస్య పెట్టుబడి' అనాలి. పందెం పోతే 'ఫలితం వాయిదాపడిన జోస్య పెట్టుబడి' అనాలి.

ఎవరూ లెక్కచెయ్యని జట్టు కోసం మేము దూరం పోనక్కర్లేకపోయింది. మా ఊళ్ళోనే, మా సంస్థ మైదానంలోనే ఉంది. దాని పేరు చిత్రావతి క్లబ్బు. నీళ్ళు లేని ఏటి పేరు పెట్టుకున్నందువల్లనో ఏమో, ఆ జట్టుకు గోల్స్ కూడా ఏటికి నీళ్ళు వచ్చినట్టే వచ్చేవి. కోచ్ మస్తానయ్య ఒకప్పుడు రాష్ట్ర జట్టులో డిఫెండరు. మా దగ్గర పించను తీసుకునేవాడు. క్లబ్బు జీతం వచ్చినా రాకపోయినా తెల్లారేసరికి మైదానానికి వచ్చి రాళ్ళేరేవాడు. ఫార్వర్డు సుంకన్న పగలు ఆటో తోలి సాయంత్రం ఆడేవాడు. అతను కుడికాలితో కొట్టిన బంతి ఎటు పోయిందో గోల్‌కీపరుకు అది నెట్‌లో పడ్డాకగాని తెలిసేది కాదు. వచ్చిన చిక్కల్లా మిగతావాళ్ళు బంతిని అతని దాకా చేర్చలేకపోవడమే.

చిత్రావతి మీద మా మొదటి జోస్య పెట్టుబడి రాజధాని టైగర్స్‌తో మ్యాచ్‌లో. టైగర్స్ అంటే లీగులో తిరుగులేని జట్టు. ఆట సగంలో ఉండగా దుమ్ముగాలి లేచింది. కళ్ళు మూసుకుపోయిన టైగర్స్ డిఫెండరు ఒకడు బంతిని వెనక్కి తన్నాడు. అది వాళ్ళ గోల్‌లోనే పడింది. గాలి తగ్గాక చూసుకుంటే చిత్రావతి గెలిచి ఉంది. సంస్థ నిధి ఒక్క సాయంత్రంలో వాన పడ్డ చెరువులా ఉబ్బింది.

"ప్రకృతి సైతం సిద్ధాంతానికి తలవంచినది," అని పరాంకుశరావుగారు పత్రికలవాళ్ళతో చెప్పారు. మంత్రిగారు వచ్చి ఆయనకు శాలువా కప్పారు. బ్యాంకులో మిగిలిన నిధిని కూడా జోస్య పెట్టుబడిగా మార్చుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మైసూరుపాకు పంచింది అప్పుడే.

ప్రజాభిప్రాయానికి ఎదురు నిలవాలంటే ముందు ప్రజాభిప్రాయం ఏమిటో తెలియాలి. అందుకోసం ఒక విభాగం పెట్టి నన్ను అందులో వేశారు. బస్టాండులోనూ టీ బంకుల దగ్గరా మంగలిషాపుల్లోనూ కూర్చుని జనం ఏమనుకుంటున్నారో విని రావడం నా ఉద్యోగం. ఇరవయ్యేళ్ళ సర్వీసులో జనం మాట వినమని నాకు ఆర్డరు రావడం అదే మొదలు. అదీ, వాళ్ళు చెప్పినదానికి వ్యతిరేకంగా చెయ్యడానికి.

మొదటిరోజు నాగభూషణం మంగలిషాపుకు వెళ్ళాను.

"వచ్చే ఆటలో ఎవరు గెలుస్తారు నాగభూషణం?" అన్నాను, ఏమీ పట్టనట్టు.

"మీ ఆఫీసోళ్ళు ఎవురి మీద ఏసినారు సార్?"

"అది రహస్యం."

"చిత్రావతి మీదనే గదా."

"నీకెవరు చెప్పారు?"

"మీ అటెండరు ఇప్పుడే గడ్డం గీయించుకోని పాయ. నేనూ దాని మీదనే ఏసినా. ఈడుండేవాళ్ళంతా దాని మీదనే ఏసినారు."

కుర్చీల్లో నురగ మొహాలతో ఉన్న ఇద్దరూ, బెంచీ మీద ఉన్న నలుగురూ అవునన్నట్టు తలలూపారు. కత్తి కింద ఉన్న మనిషి మాత్రం కళ్ళతోనే ఊపాడు.

నేను తెచ్చిన ఈ కబురు విని పరాంకుశరావుగారు లేచి వెళ్ళి కిటికీ మూసేశారు.

"ప్రజలు మన అభిప్రాయంలోకి ప్రవేశించినారు. అనగా మన అభిప్రాయం కలుషితమైనది."

"అయితే ఈసారికి అవతలి జట్టు మీద వేద్దామా సార్?" అన్నాడు డిప్యూటీ మేనేజరు.

"తొందర కూడదు. ప్రజాభిప్రాయమును దాని సహజస్థితికి, అనగా పొరపాటు స్థితికి, పునరుద్ధరించవలెను."

పునరుద్ధరణ వారంలో మొదలైంది. బస్సుల వెనక, గోడల మీద, ఆస్పత్రి మెట్ల దగ్గర పోస్టర్లు వెలిశాయి. 'చిత్రావతి గెలవదు. ప్రజాహితార్థం జారీ చేసినవారు: సంక్షేమ సంస్థ.' సంతలో డప్పు కొట్టించి అదే చెప్పించారు. ఊరి ఆటోలన్నిటికీ అంటించినట్టే సుంకన్న ఆటోకూ అంటించారు. పీకితే ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినట్టని కింద చిన్నక్షరాల్లో ఉంది. అందువల్ల తన జట్టు గెలవదన్న మాటను తానే ఊరంతా మోసుకు తిరుగుతూ, సాయంత్రానికి మైదానానికి వచ్చి దాన్ని అబద్ధం చెయ్యడానికి ప్రయత్నించేవాడు సుంకన్న.

చేశాడు కూడా. అతను ఒక్కడే మూడు గోల్స్ కొట్టగా చిత్రావతి తర్వాతి మ్యాచ్ గెలిచింది. మా నిధి మళ్ళీ పెరిగింది. కానీ ఆఫీసులో చావు కబురు విన్నట్టు కూర్చున్నారు.

"ఒక గోలు తేడాతో గెలిచినచో అదృష్టమందురు. మూడు గోల్స్‌తో గెలిచినచో బలమందురు. బలమున్నదని తెలిసిన జట్టు మనకెందుకు?" అన్నారు పరాంకుశరావుగారు. అనుమతించిన పరిధికి మించి గెలిచినందుకు సంజాయిషీ చెప్పుకోమని మస్తానయ్యకు నోటీసు పంపారు. ఇలాంటి దుర్ఘటనలు మళ్ళీ జరగకుండా కొత్త పదవి సృష్టించారు. బలహీనతా పరిరక్షణాధికారి. ఆ పదవిలో మొదటివాణ్ణీ చివరివాణ్ణీ నేనే. ఒక గొడుగు, ఒక విజిలు ఇచ్చి మైదానానికి పంపారు.

మైదానం సంస్థది. మేము ఖాళీ చెయ్యమంటే క్లబ్బు రోడ్డున పడుతుంది. అందుకని మస్తానయ్య నన్ను చూసి ఏమీ అనలేదు. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, అప్పుడడిగాడు.

"ఏమి సార్ మీ పని ఈడ?"

"జట్టు గెలవాలి. గెలుస్తుందని మాత్రం ఎవరికీ అనిపించకూడదు. అది చూసుకోవడం నా పని."

"మాకు గెల్చేది చేతకాక ఇన్నేండ్లు ఏడిస్తిమి. ఇప్పుడు వచ్చేతలికి వద్దంటాండారా?"

"వద్దనడం లేదు మస్తానయ్యా. మితంగా గెలవమంటున్నారు. అనుకోకుండా గెలిచినట్టు గెలవమంటున్నారు."

"అనుకోకుండా గెల్చేకి, ముందే అనుకోని ఆడల్లనా?"

"అంతే."

మస్తానయ్య నా గొడుగునూ విజిలునూ చూశాడు. "మీరెప్పుడన్నా ఏదన్నా ఆడినారా సార్?"

"క్యారమ్స్."

"అదీ మితంగానేనా?"

నేను మజ్జిగ తాగాను.

ఆరోజునుంచీ గేట్లు తెరిచి జనం చూస్తుండగా ప్రాక్టీసు జరగాలని నియమం పెట్టాము. ఆ సమయంలో కొట్టిన ప్రతి బంతీ గోలు పైనుంచి పోవాలి. ఇద్దరు ఆటగాళ్ళు ఒకరినొకరు గుద్దుకుని పడాలి. సుంకన్న ఎడమకాలితోనే కొట్టాలి.

"గోల్‌లోకి కొట్టొద్దంటే కాలు ఒప్పుకోదు సార్," అని సుంకన్న మొదట్లో నాతో వాదించాడు. "నాకేమో కలకత్తా పోయి ఆడల్లని ఉంది. ఆడ ఇట్లాంటి ఆట ఎవురు చూస్తారు?"

"ఆర్డరు వచ్చాక కాలు ఒప్పుకోకపోవడం ఉండదు," అన్నాను. అధికారిగా అంతకంటే ఏమనగలను?

అయితే నెల తిరిగేసరికి అతని ఎడమకాలు కూడా కుడికాలంత అయింది. ఆ సంగతి నేను పైకి రాయలేదు. రాస్తే ఎడమకాలికి ఇంకో అధికారిని వేస్తారు, అతనికీ గొడుగు ఇవ్వాలి.

లీగు చివరి మ్యాచ్ దాకా ఇలాగే నడిచింది. చిత్రావతి ఓసారి ఓడుతూ ఓసారి ఎలాగో నెగ్గుతూ వచ్చింది. మా నిధి ఓసారి పెరుగుతూ ఓసారి వాయిదాపడుతూ వచ్చింది. చివరి మ్యాచ్ మళ్ళీ టైగర్స్‌తో, మా మైదానంలోనే. కలకత్తా నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి సుంకన్న ఆట చూడ్డానికి వస్తున్నాడని మస్తానయ్యకు ఫోను వచ్చింది. సుంకన్న ఆటోకు సెలవిచ్చి, గుడికి పోయి, బొట్టు పెట్టుకుని వచ్చాడు.

మ్యాచ్ రోజు ఉదయం నేను ఎప్పట్లాగే నాగభూషణం షాపుకు వెళ్ళాను.

"ఎవరు గెలుస్తారు?"

"చిత్రావతి సార్. ఊరంతా దాని మీదనే ఏస్తాంది."

"గెలవదని మేము ఇన్ని పోస్టర్లు వేశాము కదయ్యా!"

"అందుకే సార్. గవర్నమెంటోళ్ళు ఇంత కర్చు పెట్టి గెలవదని చెప్తాండారంటే గెలుస్తాదనే గదా అర్తం? మొన్న కూలిన వంతెనకి గట్టి వంతెనని బోర్డు పెట్టింది ఎవురు సార్?"

ఈ కబురు తీసుకుని పరుగున ఆఫీసుకు వెళ్ళాను. పరాంకుశరావుగారు లేచి నిలబడ్డారు. ఆయన కష్టకాలంలో సూత్రాన్ని విడిచే మనిషి కాదు. సూత్రం కోసం మిగతావన్నీ విడిచే మనిషి.

"ప్రజలు చిత్రావతి పక్షాన ఉన్నచో మనము టైగర్స్ పక్షాన ఉండవలెను. మొత్తం నిధి టైగర్స్ మీద పెట్టండి."

"మొత్తమా సార్?" అన్నాడు డిప్యూటీ మేనేజరు. "టైగర్స్ గెలిస్తే వచ్చేది గోరంతేనని మీరే..."

"గోరంత రావలెనన్న కొండంత పెట్టవలెను కదా." తర్వాత నా వైపు తిరిగారు. "మీరు వెళ్ళి కోచ్‌కు తెలియజేయండి. ఇన్నాళ్ళుగా మనము పరిరక్షించిన బలహీనత నేడు అక్కరకు రావలెను. చిత్రావతి ఓడవలెను. ఆ సుంకన్న అను వ్యక్తిని మైదానంలోకి దింపరాదు."

మైదానం పక్క రేకుల షెడ్డులో ఆటగాళ్ళు బట్టలు మార్చుకుంటున్నారు. నేను మస్తానయ్యను బయటికి పిలిచి చెప్పాను. అతను కోప్పడలేదు. ఒక్క ప్రశ్న వేశాడు.

"టైగర్స్ మీద పెట్టింది ఏ డబ్బు సార్?"

"నిధి."

"పించన్లదా?"

నేను గొడుగు ముడిచాను.

"అంటే మేము గెలిస్తే నా పించను పోతాది."

"నీ ఒక్కడిదే కాదు మస్తానయ్యా. అందరిదీ."

అతను ఏమనుకున్నాడో, నా చెయ్యి పట్టుకుని గ్యాలరీ వైపు నడిపించాడు. ముందు వరసలో మా పించనుదారులు కూర్చుని ఉన్నారు. సంస్థ ఇచ్చే ఉచిత పాసుల మీద వాళ్ళు ప్రతి మ్యాచ్‌కీ వస్తారు. ఆ చివర చేతికర్రతో కూర్చున్నది చాంద్ బాషా. ఒకప్పుడు రాష్ట్ర జట్టు వింగులో అతను పరిగెత్తుతుంటే రిఫరీలు వెనకబడేవారని చెప్పుకుంటారు. ఇప్పుడు కుడి మోకాలు వంగదు.

"బాషన్నా, మేము గెలిస్తే మన పించను పోతాదంట," అన్నాడు మస్తానయ్య.

"ఎవురు చెప్పినారు?"

"ఈ సారు."

చాంద్ బాషా నా వైపు తల తిప్పాడు. "మా పించను మీద పందెం కాసినారా?"

"జోస్య పెట్టుబడి," అన్నాను. ఇన్ని నెలలుగా అలవోకగా పలికిన మాటను ఆరోజు నా గొడుగు వైపు చూస్తూ పలికాను.

ముసలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అవతల టైగర్స్ మైదానంలోకి దిగుతుంటే బాజాలు మోగుతున్నాయి. ఓబుల్‌రెడ్డి అనే పాత గోల్‌కీపరు మెల్లిగా అన్నాడు. "నా షుగరు మాత్రలు ఆ పించను దుడ్డుతోనే మస్తానా."

"తెలుసన్నా. అందుకే అడిగేకి వచ్చినా. మీరు ఓడమంటే ఓడతాం."

చాంద్ బాషా చేతికర్రను నేలకేసి పొడిచాడు. "ఓడిపో అని నా నోటితో నేను చెప్పల్లనా? ఈ మోకాలు ఎట్ల పోయిందో మర్చిపోతివా? ఓడిపోతాంటే ఆఖరు నిమిషంలో బంతి కోసం పోతే పోయింది. పోరా, పోయి ఆడించుపో."

మస్తానయ్య ఓబుల్‌రెడ్డి వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆడించు. కాకపోతే గెల్చేటట్టు ఆడించు. సగం సగం ఆడి, పించనూ పాయ ఆటా పాయ అంటే మాత్రం నేను ఒప్పుకోను."

మస్తానయ్య షెడ్డులోకి వెళ్ళి ఏం చెప్పాడో నాకు తెలియదు. బయటికి వచ్చిన పదకొండు మందిలో సుంకన్న ఉన్నాడు.

నేను పెద్దల బాక్సులో పరాంకుశరావుగారి వెనక కుర్చీలో కూర్చున్నాను.

"ఆ వ్యక్తి మైదానంలో ఎందుకున్నాడు?" అన్నారాయన.

"ఆడుతున్నాడు సార్."

"విజిలు ఊదండి."

"రిఫరీ వేరే ఉన్నాడు సార్."

మొదటి సగంలో టైగర్స్ గోలు కొట్టారు. బలవంతుడి పక్షాన నిలబడడం పరాంకుశరావుగారికి అదే మొదటిసారి. దానిలోని సుఖం ఆయన మొహంలో కనబడింది. హాఫ్‌టైంలో జీడిపప్పు తెప్పించి నాకూ పెట్టారు. రెండో సగంలో సుంకన్న ఇద్దరిని దాటుకుని వచ్చి ఎడమకాలితో సమం చేశాడు. ఆ ఎడమకాలిని తయారుచేసింది మస్తానయ్య కాదు, నా నియమమే. ఆ తర్వాత చిత్రావతి కుర్రాళ్ళు ఆడిన ఆట నేను చూసిన క్యారమ్స్‌కీ ఫుట్‌బాల్‌కీ అందనిది. కిందపడ్డవాడు లేచేలోపే ఇంకొకడు బంతి అందుకుంటున్నాడు. పోస్టరు నిజమని రుజువు చెయ్యడానికి ఒక్కడూ సిద్ధంగా లేడు. చివర్లో కార్నర్ నుంచి గాల్లోకి లేచిన బంతిని సుంకన్న తలతో పొడిచాడు. నెట్ ఊగింది. ఊరు ఊగింది. కింద ముందు వరసలో పించను పోగొట్టుకున్న ముసలివాళ్ళు ఒకరినొకరు కావలించుకుని ఎగరలేక ఎగురుతున్నారు.

పరాంకుశరావుగారి చేతిలో జీడిపప్పు అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఆయన ప్రభుత్వానికి నివేదిక రాశారు. 'సిద్ధాంతంలో దోషము లేదు. ప్రజలు ఈ పర్యాయం పొరబడకపోవుట వారి వైపునుండి జరిగిన పొరపాటు.' ప్రభుత్వం ఒప్పుకుంది. ప్రజల మీద చర్య తీసుకోవడానికి వీల్లేదు కాబట్టి మస్తానయ్య మీద విచారణ జరిపారు. విచారణాధికారి కూడా పరాంకుశరావుగారే.

"జట్టు ఎందువలన గెలిచినది?"

"గోలు పడింది సార్."

"అది పడకుండా నివారించుటకు ఎట్టి చర్యలు గైకొన్నారు?"

"వాళ్ళ గోల్‌కీపరు శానా ప్రయత్నం చేసినాడు సార్."

మస్తానయ్యను కోచ్‌గా తొలగించమని క్లబ్బును ఆదేశించారు. బలం నిరూపణ అయినందున మైదానం వాడుకునే అర్హత పోయిందని క్లబ్బునే ఖాళీ చేయించారు. సుంకన్న మాత్రం ఆ వారమే కలకత్తా రైలెక్కాడు. స్టేషనుకు మస్తానయ్యతోపాటు నేనూ వెళ్ళాను. "మీ నియమం మంచిదే సార్, రెండు కాళ్ళూ వచ్చినాయి," అన్నాడు సుంకన్న కిటికీలోంచి. ఎగతాళి చేశాడో, నిజంగానే అన్నాడో తేల్చుకునేలోపు రైలు కదిలింది.

ముసలివాళ్ళకు పించను ఆగిపోయింది. ఫలితం వాయిదాపడిందని వాళ్ళకు తెలియజేశాము. ఓబుల్‌రెడ్డి మాత్రలు సగం సగం విరిచి వేసుకుంటున్నాడని విని మస్తానయ్య పించనుదారుల ఇల్లిల్లూ తిరిగాడు. చివరికి వాళ్ళే ఒక ఆలోచన చేశారు. పాత ఆటగాళ్ళు రెండు జట్లుగా విడిపోయి చిత్రావతి ఏటి ఇసుకలో ఒక మ్యాచ్ ఆడతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇచ్చినంత ఇస్తారు. దాన్ని పంచుకుంటారు.

ఆదివారం సాయంత్రం ఊరు ఊరంతా ఏటిగట్టు మీదికి వచ్చింది. కాంట్రాక్టరు వదలకుండా అక్కడా కౌంటరు పెట్టాడు. పరాంకుశరావుగారు నన్ను, డిప్యూటీ మేనేజరును వెంటబెట్టుకుని వచ్చారు. ఏ జట్టు బలహీనమైందో జనాన్ని అడిగి రమ్మన్నారు. గట్టు పొడుగునా తిరిగి వచ్చి చెప్పాను.

"రెండింటినీ చూసి నవ్వుతున్నారు సార్. ఏదీ గెలవదంటున్నారు."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇట్టి సువర్ణావకాశం వెయ్యేండ్లకు ఒకసారి గాని రాదు. ఉభయపక్షములూ ప్రజాభిప్రాయానికి వ్యతిరేకమే! రెండింటి మీదా చెరిసగం పెట్టండి. ఒకటి గెలిచి తీరును."

"పెట్టడానికి నిధి లేదు సార్," అన్నాడు డిప్యూటీ మేనేజరు.

"ఉద్యోగుల భవిష్యనిధి ఉన్నది కదా."

అది మొత్తం తీసి పెట్టారు. అందులో ఆయనదీ ఉంది, నాదీ ఉంది. "సార్, ఒకవేళ సమానమైతే రెండువైపులదీ పోతుంది కదా?" అని అడగబోయాను గాని, స్టోర్సు గుర్తుకొచ్చింది.

ఆట మొదలైంది. పరుగు అన్నది ఎక్కడా లేదు. బంతి దగ్గరికి ఎవరు ముందు చేరుకుంటారన్నది నడకను బట్టి ఉంది. చాంద్ బాషా చేతికర్రతో దిగుతానంటే రిఫరీ ఒప్పుకున్నాడు. ఓబుల్‌రెడ్డి ఎదుటి జట్టు గోల్‌లో నిలబడ్డాడు. జనం నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు, తర్వాత పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. ఆ మోకాళ్ళతోనే రెండు జట్లూ చెరో గోలు కొట్టాయి. గట్టుమీద పరిచిన తువ్వాళ్ళు నిండుతున్నాయి.

ఇంకొద్ది సేపట్లో ఆట ముగుస్తుందనగా బంతి దొర్లుకుంటూ చాంద్ బాషా కాళ్ళ దగ్గరికి వచ్చింది. అడ్డుకోబోయిన ఓబుల్‌రెడ్డి ఇసుకలో కూలబడి లేవలేకపోయాడు. ఎదురుగా గోలు ఖాళీగా ఉంది. జనం "కొట్టు కొట్టు" అని అరుస్తున్నారు. పరాంకుశరావుగారు ఆగలేకపోయారు. చెప్పులు ఇసుకలో దిగబడుతుంటే వాటిని వదిలేసి మధ్యలోకి పరిగెత్తారు. ఆయన వెనక నేను, నా వెనక డిప్యూటీ మేనేజరు.

"కొట్టవయ్యా, కొట్టు! నిధి మొత్తం నీ కాలి మీద ఉంది!"

చాంద్ బాషా బంతి మీద పాదం ఆనించి ఆగాడు. "ఏ నిధి సార్?"

"భవిష్యనిధి! ఉద్యోగులది! నాది!"

"మాది కాదా?"

"మీది ఎప్పుడో అయిపోయింది కదయ్యా!"

"అట్లనా," అన్నాడు చాంద్ బాషా. "మాదే అనుకోని ఇంతసేపు బయపడి ఆడతాంటి."

చేతికర్రను పక్కకు విసిరేశాడు. వంగని కాలు ముందుకు చాపి, రెండో కాలు మీద మెల్లిగా కిందికి దిగి, బంతి మీద కూర్చున్నాడు. కూర్చుని నడుము నిటారుగా పెట్టి, చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి కలయజూశాడు. రిఫరీ గడియారం చూసుకుని విజిలు ఊదాడు.

నా ఇరవయ్యేళ్ళ సర్వీసు ఆ బంతి కింద ఉంది. అయినా, ఒక మనిషి అంత బాగా కూర్చోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.